గోటికి తగలని గీతలు: ఒక క్యారమ్ బోర్డు డైరీ

జూన్ 15, 2025, ఆదివారం

తొమ్మిది నెలలుగా డాబా మీది రేకుల షెడ్డులో గోడకు ఆనించి ఉన్న ఫ్రేమును ఈ రోజు బయటికి తీశాను.

నాన్న క్యారమ్ బోర్డు ఫ్రేము అది. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు నీళ్లు సింగ్‌నగర్ మీద పడినప్పుడు మా కింది వాటాలో నడుము లోతున నిలిచాయి. మనుషులం పైకి ఎక్కగలిగాం గానీ బోర్డు బీరువా వెనుకే ఉండిపోయింది. నీళ్లు తీశాక లాగి చూస్తే ప్లైవుడ్ పొరలు విడిపోయి, తడిసిన అట్టలా ఉబ్బి ఉంది. పై పొరతో పాటే సగం గీతలు ఊడివచ్చాయి. చుట్టూ ఉన్న టేకు చట్రం మాత్రం చెక్కుచెదరలేదు. బురద కడిగి నీడన ఆరబెట్టాం. ఊడిన పై పొరలో ఒక మూల ముక్క, బాణం గుర్తుతో సహా, బాగానే మిగిలింది. దాన్ని పారేయబుద్ధి కాక రెండు అట్టల మధ్య పెట్టి దాచాను.

కొత్తది కొనిస్తానంటే నాన్న వద్దన్నారు. "ఫ్రేము గట్టిగా ఉంది కదమ్మా, అడుగు వేయించుకుంటే సరిపోతుంది" అన్నారు. అడుగు వేయడం కార్పెంటర్ పని. గీతలు మాత్రం నేనే గీస్తానని మాట ఇచ్చాను. ఇరవై ఏళ్లుగా బడిలో లెక్కలు చెబుతున్నాను. నల్లబల్ల మీద ఏ పరికరమూ లేకుండా గుండ్రంగా సున్నా చుట్టగలను. అదే ధైర్యం.

కార్పెంటర్ పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ తెచ్చాడు. పోటీల బోర్డుకు నిబంధనల ప్రకారం ఎనిమిదికి తగ్గకూడదు. ఇళ్లలో ఆడుకునేవి చాలావరకు నాలుగే ఉంటాయి. వాటి మీద స్ట్రైకర్ కొడితే డప్పు చప్పుడు వస్తుంది.

జూన్ 22, ఆదివారం

ప్లైవుడ్ బిగించే ముందు ఫ్రేము కొలతలు తీశాం. లోపలి భుజం రెండు వైపులా 73.6 సెంటీమీటర్లు. ఆట స్థలం 73.5 నుంచి 74 మధ్య ఉండాలి కాబట్టి పరవాలేదు. కర్ణాలు కొలిచేసరికి గుండె జారింది. ఒకటి 103.95, రెండోది 104.25. భుజాలు సమానం, కర్ణాలు వేరు: అంటే అది చతురస్రం కాదు, రాంబస్. తేడా మూడు మిల్లీమీటర్లే, కానీ మూల నుంచి మూలకు వెళ్లే బాణాలకు ఆ మూడు మిల్లీమీటర్లూ తెలుస్తాయి.

కార్పెంటర్ మూలమట్టం పెట్టి చూసి, పొడుగు కర్ణం వెంట రెండు మూలలకూ నులక తాడు చుట్టి, మధ్యలో కర్రముక్క దూర్చి మెలితిప్పాడు. తాడు బిగిసేకొద్దీ ఫ్రేము కిర్రుమంటూ దారికి వచ్చింది. తేడా ఒక మిల్లీమీటరుకు దిగాక అలాగే ఉంచి అడుగు స్క్రూలు బిగించాడు. తరువాత డ్రిల్లుకు గుండ్రటి రంపం తగిలించి నాలుగు మూలలా 4.45 సెంటీమీటర్ల రంధ్రాలు తీశాడు. ఇంకేముంది, బోర్డు తయారు అనుకున్నాడు మా అబ్బాయి. అప్పుడే కాయిన్లు తెచ్చి పరిచాడు. ఎక్కడి నుంచి కొట్టాలో తెలియక స్ట్రైకర్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. గీతలు లేకపోతే అది చుట్టూ అంచున్న చెక్క, అంతే.

ఆ ఒక్క మిల్లీమీటరు తేడా గురించి రాత్రంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. ఏ గీతనూ అంచు నుంచి కొలవకూడదు. కర్ణాలు రెండూ ఖండించుకునే చోటు కేంద్రం. అక్కడి నుంచి రెండు లంబ రేఖలు, రెండు కర్ణ రేఖలు, మొత్తం ఎనిమిది దిక్కులూ సన్నటి పెన్సిలుతో గీసి, ప్రతి కొలతా కేంద్రం నుంచే పట్టాలి. అప్పుడు ఫ్రేములో ఉన్న తప్పు నాలుగు వైపులకూ పంచుకుపోతుంది. అంచు నుంచి కొలుస్తూ పోతే ఆ తప్పంతా చివరి మూలకు చేరి అక్కడ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చేత్తో చేసిన ఏ బల్ల మీదైనా గీతలు వేసేవాళ్లు దీన్ని పాటిస్తే చాలా కష్టం తప్పుతుంది.

జూన్ 24, మంగళవారం

బడి నుంచి వచ్చి రెండు గంటలు పెన్సిల్ పని. నిబంధనల్లోని కొలతలు ఒక కాగితం మీద రాసుకున్నాను. బేస్ లైన్ (స్ట్రైకర్ పెట్టి కొట్టే జంట గీత) పొడవు 47 సెంటీమీటర్లు, అంచు నుంచి దూరం 10.15, రెండు గీతల నడుమ 3.18. ఆ చివరా ఈ చివరా ఉండే వృత్తాలు 3.18, వాటి లోపలి ఎర్ర బొట్టు 2.54. బాణం 26.70, దాని తోక దగ్గరి చాపం 6.35. పక్కపక్క బేస్ లైన్ల వృత్తాల మధ్య ఖాళీ 1.27.

మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ చిన్న చిన్న తేడాలు వచ్చాయి. 3.18 ని స్కేలు మీద గుర్తు పెట్టడం ఎలా? ఆ 0.18 కంటి అంచనా మాత్రమే. నాలుగు వైపులా నాలుగు అంచనాలైతే నాలుగు రకాల బేస్ లైన్లు వస్తాయి.

నాన్న కుర్చీలో కూర్చుని చూస్తూ ఉన్నారు. ఆయన నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. "ఆ కాగితం ఇటివ్వు" అన్నారు. కళ్లద్దాలు పైకి నెట్టి ఒక నిమిషం చూశారు. "ఇవి సెంటీమీటర్లు కావమ్మా, అంగుళాలు. ఎవరో వాటిని సెంటీమీటర్లలోకి మార్చి రాశారు."

ఒక్కొక్కటీ భాగించి చూశాను. 2.54 ఒక అంగుళం. 1.27 అర అంగుళం. 3.18 అంటే అంగుళంపావు. 4.45 రంధ్రం ఒకటీ ముప్పావు. 10.15 నాలుగు అంగుళాలు. 6.35 రెండున్నర. 26.70 పదిన్నర. 47 పద్దెనిమిదిన్నర. మా ఫ్రేము భుజం ఇరవై తొమ్మిది అంగుళాలకు అర మిల్లీమీటరు తక్కువ!

ఇరవై ఏళ్లు లెక్కలు చెప్పి ఇది నాకు తట్టలేదు. నాన్న తన పాత స్టీలు స్కేలు తీసి ఇచ్చారు. ఒక అంచున అంగుళాలు, ప్రతి అంగుళం పదహారు భాగాలు. దానితో అరగంటలో నాలుగు బేస్ లైన్లూ కుదిరాయి. కేంద్రం నుంచి తొమ్మిదింబావు అంగుళాలకు చివర, అక్కడి నుంచి ఐదు ఎనిమిదో వంతులు వెనక్కి వస్తే వృత్త కేంద్రం. పక్క బేస్ లైన్ వృత్తానికి దూరం పైథాగరస్ వేసి చూస్తే రెండింటి నడుమ ఖాళీ అర అంగుళం కంటే వెంట్రుకవాసి ఎక్కువ వచ్చింది. నిబంధనలో ఉన్నదీ ఆ అర అంగుళమే. లెక్క, చెక్క, పుస్తకం మూడూ ఒకే మాట చెప్పిన ఆ క్షణంలో కలిగిన ఆనందం ఎలా చెప్పాలో తెలియడం లేదు. రేపు తొమ్మిదో తరగతి పిల్లలకు కర్ణం పాఠం ఇక్కడి నుంచే మొదలుపెడతాను.

జూన్ 29, ఆదివారం

ఈ రోజు పని చెడింది. చెడిన తీరు కూడా రాసి పెడుతున్నాను.

వన్‌టౌన్ రంగుల దుకాణం నుంచి నల్ల ఎనామిల్, ఎర్ర ఎనామిల్, మాస్కింగ్ టేపు తెచ్చాను. చెక్క సందులు మూసుకునేలా రెండు పూతలు సీలర్ వేసి, ఉప్పు కాగితంతో నునుపు చేసి ఉంచాను. బేస్ లైన్లలో ఆటగాడి వైపుది లావుగా, అర సెంటీమీటరుకు తగ్గకుండా ఉండాలి. లోపలిది సన్నగా ఉండాలి. రెండు వైపులా టేపు అంటించి మధ్యలో కుంచెతో ఎనామిల్ నింపాను. టేపు తీసేసరికి అంచుల వెంట రంగు చీమకాళ్లలా పాకి ఉంది. చెక్క రేఖల సందుల్లోకి దిగిపోయింది. టేపు అంచును వేలిగోరుతో గట్టిగా రుద్దాననే అనుకున్నాను.

అది ఒక ఎత్తు. ఆరిన తరువాత వేలితో తడిమితే గీత కట్టలా లేచి ఉంది. కాయిన్ తెచ్చి మెల్లగా దాని మీదుగా తోశాను. గీత దగ్గర కాయిన్ చిన్నగా తడబడి, దిశ మార్చుకుంది. ఐదు గ్రాముల కాయిన్‌కు ఆ పలుచటి రంగు గట్టే గోడ.

సాయంత్రం నాన్న చూసి ఏమీ అనలేదు. కృష్ణలంకలో ఉండే తన పాత స్నేహితుడికి ఫోను చేశారు.

జూలై 6, ఆదివారం

ఆ స్నేహితుడు పెయింటర్. గాంధీనగర్‌లో సినిమా పంపిణీ ఆఫీసులు కిటకిటలాడిన రోజుల్లో థియేటర్ల ముందు నిలబెట్టే పెద్ద పెద్ద బోర్డులు రాశారు. తరువాత దుకాణాల బోర్డులు, ఆపైన లారీల మీద పేర్లు. ఫ్లెక్సీ వచ్చాక కుంచె పక్కన పెట్టారు. నేను చిన్నప్పటి నుంచి బాబాయ్ గారు అనే పిలుస్తాను.

ఆయన బోర్డు దగ్గర కూర్చోగానే కళ్లు మూసుకుని చూపుడువేలి గోరు గీత మీద అడ్డంగా లాగారు. "ఇదిగో, ఇక్కడ తగులుతోంది" అన్నారు. "క్యారమ్ బోర్డు గీత కంటికి కనబడాలమ్మా, గోటికి తగలకూడదు. దుకాణం బోర్డయితే రంగు ఎంత మందంగా ఉంటే అంత మన్నుతుంది. దీనికి అది తిరగబడుతుంది. రంగు అడుగున ఉండాలి, పైన అద్దంలా లాకర్, అంటే రంగులేని మెరుపు పూత, ఉండాలి."

ఇంకో ముప్పు కూడా చెప్పారు. ఎనామిల్ మీద ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్ కొడితే దానిలోని థిన్నర్ ఎనామిల్‌ను తినేస్తుందట. కాలిన అప్పడంలా ముడతలు పడి లేచిపోతుందట. పర్మనెంట్ మార్కర్‌తో గీద్దామని మా అబ్బాయి అన్నాడు. అదీ వద్దన్నారు. ఆ సిరా కరిగేది అటువంటి ద్రావకాలలోనే కాబట్టి లాకర్ తగలగానే నల్లటి అంచులు నీడలా పాకుతాయి.

మరి ఏది? నీళ్లలో కలిసే పోస్టర్ కలర్. థిన్నర్ దాన్ని కరిగించలేదు. నీళ్లు తగిలితే పోతుంది గానీ పైన లాకర్ ఉంటే నీళ్లు తగలవు. ఇంత సులువైన సంగతి దుకాణంలో ఎవరూ చెప్పలేదు.

"పెన్ను ఏదీ?" అని నాన్నను అడిగారు. ఏ పెన్నో నాకు అర్థం కాలేదు. నాన్నకు అర్థమైంది. అటక మీద నుంచి ఆయన డ్రాయింగ్ పెట్టె దింపించారు. అటక మీద ఉండబట్టే అది వరదకు దక్కింది. నీలం మఖమలు గుంటల్లో కంపాస్‌లు, డివైడర్లు, రెండు రూలింగ్ పెన్నులు.

రూలింగ్ పెన్ను చూడనివాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తాను. దానికి పాళీ ఉండదు. చిలుక ముక్కులా రెండు సన్నటి స్టీలు రేకులు, వాటి పక్కన చిన్న మర. మర తిప్పితే రేకుల మధ్య సందు తగ్గుతుంది, పెరుగుతుంది. ఆ సందే గీత వెడల్పు. రంగులో ముంచకూడదు, ముంచితే రేకుల బయటి వైపు కూడా అంటి, స్కేలుకు తగిలి మరక పడుతుంది. చిన్న కుంచెతో రంగు తీసి రెండు రేకుల మధ్య ఒక బొట్టు వదలాలి. అది అక్కడ కొసన ఊగుతూ నిలుస్తుంది. చెక్క మీద ఆనించి లాగితే వెనుక గీత పడుతుంది. దానికి దాదాపు మందమే ఉండదు.

పాత ఎనామిల్ అంతా గీకి, ఉప్పు కాగితం పట్టి, మళ్లీ సీలర్ వేయాలి. వారం పని పోయింది. పోనీ.

జూలై 13, ఆదివారం

సీలర్ వేసిన నున్నటి చెక్క మీద నీళ్ల రంగు నిలవదు. తామరాకు మీద నీటిబొట్టులా ముడుచుకుపోతుంది. బాబాయ్ గారి ఉపాయం: సుద్దముక్క పొడి చేసి పాత గుడ్డలో మూటకట్టి, బోర్డంతా మెల్లగా తట్టి, పొడి గుడ్డతో తుడిచేయడం. తుడిచినా కనబడని పలుచటి పొర మిగులుతుంది. దాని మీద రంగు అంటుకుంటుంది. గాజు మీద, రేకు మీద అక్షరాలు రాసేటప్పుడు ఆయన చేసేదీ ఇదే.

పోస్టర్ కలర్‌ను చిక్కటి పాలంత పలుచగా కలిపి, ఆరాక పొడిగా రాలకుండా ఒక చుక్క తుమ్మబంక నీళ్లు చేర్చాం. స్కేలు కింద మూడు చోట్ల పాత పోస్టుకార్డు ముక్కలు అంటించాం. స్కేలు చెక్కకు ఆనుకుని ఉంటే రంగు దాని కిందికి పీల్చుకుపోతుంది. కాస్త ఎత్తులో ఉంటే పోదు.

మొదటి బాణం బాబాయ్ గారు గీశారు. నేను చూసింది ఆయన చేతిని కాదు, నడుమును. మణికట్టు కదలలేదు, మోచెయ్యి కదలలేదు. చిటికెనవేలు చెక్క మీద ఆనించి, నడుము నుంచి మొత్తం మనిషి వెనక్కి జరిగారు. పదిన్నర అంగుళాల గీత ఒకే ఊపులో వచ్చింది. మధ్యలో ఆగితే ఆగిన చోట బొట్టు పడుతుంది.

బాణం అలంకారం కాదు. సరిగ్గా నలభై ఐదు డిగ్రీల వాలులో, రెండు వృత్తాల మధ్య ఉన్న ఆ అర అంగుళం సందులోంచి దేనినీ తాకకుండా పోవాలి. దాని వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటరుకు మించకూడదు. రంధ్రం అంచుకు ఐదు సెంటీమీటర్ల దూరంలో మొన ఆగాలి. ఆటగాడి చెయ్యి ఎంతవరకు పోవచ్చో చెప్పే హద్దు అది. రెండో బాణం నేను గీశాను. ఊపిరి బిగబట్టి లాగాను. చివరి అంగుళంలో చిన్న వణుకు. తడి గుడ్డతో తుడిచి మళ్లీ. నీళ్ల రంగులో ఉన్న గొప్ప సుఖం అది: తప్పు చేస్తే తుడుచుకోవచ్చు. నాలుగోసారి కుదిరింది.

బేస్ లైన్ల లావుపాటి గీతకు రెండు అంచులూ పెన్నుతో గీసి మధ్యన కుంచెతో పలుచగా నింపాను. ఇక్కడ తొందర పడకూడదు. ఆడేటప్పుడు స్ట్రైకర్ రెండు గీతలనూ తాకేలా పెట్టాలి. స్ట్రైకర్ వెడల్పు 4.13 సెంటీమీటర్ల వరకు ఉండవచ్చు, గీతల నడుమ 3.18. అంటే రెండు పక్కలా కలిపి సెంటీమీటరు కూడా మిగలదు. గీత ఒక పక్కకు పాకితే ఆటలో వాదం పుడుతుంది.

జూలై 19, శనివారం

వృత్తాలు. కంపాస్ సూది చెక్కలో దిగితే గుంట పడుతుంది, ఆ గుంట మీదికి కాయిన్ వస్తే తేడా తెలుస్తుంది. అందుకని పాత ఎక్స్‌రే ఫిల్మ్ ముక్కలు రూపాయి బిళ్లంత కత్తిరించి, ప్రతి కేంద్రం మీదా టేపుతో అంటించి, వాటి మీద సూది ఆనించాను. కంపాస్‌కు పెన్సిలు బదులు రూలింగ్ పెన్ను రేకులు బిగించే కాలు ఉంది. నాన్నే బిగించి ఇచ్చారు.

మధ్యలో అంగుళంపావు ఎర్ర బొట్టు, రెడ్ కూర్చునే చోటు. దాని చుట్టూ పదిహేడు సెంటీమీటర్ల పెద్ద వృత్తం. మా అబ్బాయి పదిహేడే ఎందుకని అడిగాడు. చెప్పకుండా కాయిన్లు పేర్చి చూడమన్నాను. మధ్యలో రెడ్, దాన్ని ఆనుకుని సరిగ్గా ఆరు, వాటి చుట్టూ పన్నెండు. ఒకటీ ఆరూ పన్నెండూ పంతొమ్మిది. తొమ్మిది తెల్లవి, తొమ్మిది నల్లవి, ఒక రెడ్. ఒకే సైజు బిళ్లలను ఒకదాని చుట్టూ పేరిస్తే ఆరే పడతాయి, ఏడోదానికి చోటుండదు. అడ్డంగా ఐదు కాయిన్లు పదహారు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. ఆ పువ్వు చుట్టూ ఊపిరాడేంత ఖాళీ వదిలితే పదిహేడు. వాడు మళ్లీ చెరిపి మళ్లీ పేర్చాడు. ముగ్గు పెట్టినట్టు కూర్చుని పేర్చాడు.

బేస్ లైన్ చివరి వృత్తాల్లో ఎర్ర బొట్లు ఎనిమిది. వీటికీ నియమం ఉంది: స్ట్రైకర్ ఆ వృత్తం దగ్గర పెడితే ఎర్ర బొట్టును పూర్తిగా కప్పాలి, లేదా అసలు తాకకూడదు. బొట్టు ఒంకరగా ఉంటే ఆ నియమం నిలబడదు. రెండు పలుచటి పూతలు వేశాను. మొదటి పూత నారింజరంగులా కనిపించి భయపెట్టింది, రెండోదానితో కుంకుమరంగు వచ్చింది.

చివరగా బాణాల తోక దగ్గరి చాపాలు. దాచి ఉంచిన పాత మూల ముక్క తీశాను. నాన్న బోర్డులో ఆ చాపం రెండు కొసలూ మామిడాకుల్లా ఉండేవి. ట్రేసింగ్ పేపర్ వేసి ఆ ఆకారం ఎత్తుకుని, వెనుక పెన్సిల్ రుద్ది, నాలుగు మూలలా దించాను. మిగతా గీతలన్నీ నిబంధనల పుస్తకానివి. ఆ ఎనిమిది ఆకులు మాత్రం పాత బోర్డువి.

జూలై 27, ఆదివారం

లాకర్. పాలిష్ పని చేసే కుర్రాడు కంప్రెసర్, స్ప్రే గన్ తెచ్చాడు. కుంచెతోనో గుడ్డతోనో లాకర్ పూస్తే కింద ఉన్న రంగు రాపిడికి చెదరవచ్చు, అందుకే స్ప్రే. పొద్దున్నే ముసురు. రేకుల షెడ్డులోకి జల్లు కొట్టలేదు గానీ గాలంతా చెమ్మ. వాయిదా వేద్దామా అని అడిగాను. పరవాలేదన్నాడు. నా మనసుకు పరవాలేదు అనిపించలేదు, అయినా ఊరుకున్నాను.

రెండో పూత ఆరుతుండగా బోర్డు మీద మబ్బు కమ్మింది. మంచు పట్టిన అద్దంలా తెల్లబడి, నల్ల గీతలు బూడిదరంగుకు తిరిగాయి. ఆరు వారాల పని కళ్ల ముందు పోయినట్టే అనిపించింది. నాన్న దగ్గరికి వెళ్లలేకపోయాను. డాబా మీదే చాలాసేపు కూర్చున్నాను.

బాబాయ్ గారికి ఫోను చేస్తే, "ఏమీ కాలేదు, ముట్టుకోకు" అన్నారు. థిన్నర్ వేగంగా ఆవిరవుతూ పూతను చల్లబరుస్తుంది. చల్లబడ్డ చోట గాలిలోని చెమ్మ చేరి పూత లోపల చిక్కుకుంటుంది. ఆ చెమ్మే తెలుపు. గీతలకు దానితో సంబంధం లేదు. ఎండ కాసిన రోజున, మెల్లగా ఆవిరయ్యే రిటార్డర్ కలిపిన థిన్నర్‌ను పలుచగా ఒక తుంపర కొడితే పూత మళ్లీ మెత్తబడి చెమ్మను వదిలేస్తుందన్నారు. కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్లో వానాకాలం పాలిష్ చేసేవాళ్లు రిటార్డర్ లేకుండా డబ్బా మూత తీయకూడదని కూడా అన్నారు.

ఆగస్టు 3, ఆదివారం

ఎండ. రిటార్డర్ తుంపర పడిన చోటల్లా తెలుపు అంచుల నుంచి లోపలికి కరుగుతూ పోయింది. ముందు బాణాలు, తరువాత బేస్ లైన్లు, చివరికి మధ్య వృత్తం. మూడు నిమిషాలు పట్టిందేమో. ఆ మూడు నిమిషాలు నేనూ అబ్బాయీ మాట్లాడుకోలేదు. తరువాత రిటార్డర్ కలిపిన లాకర్‌తో నాలుగు పూతలు, పూతకూ పూతకూ మధ్య గంటన్నర. వాసన ఘాటుగా ఉంటుంది, నిప్పుకు వెంటనే అంటుకుంటుంది; వంటింటి వైపు తలుపు వేసి, ముక్కుకు మాస్కు పెట్టుకున్నాం.

ఆగస్టు 15, శుక్రవారం

పన్నెండు రోజులు ఆరనిచ్చాం. ఉదయం బడిలో జెండా వందనం చూసుకుని వచ్చి వాటర్ పేపర్ (తడితో రుద్దే ఉప్పు కాగితం) పట్టుకున్నాను. సబ్బు నీళ్లు చల్లి ముందు వెయ్యి నంబరు, తరువాత పదిహేను వందలు. చేతి బరువు కూడా వేయకుండా, చెక్క రేఖల వెంట. ఎక్కువ రుద్దితే లాకర్ దాటి రంగులోకి దిగుతాం, అందుకని నాలుగు రుద్దులకొకసారి తుడిచి, వెలుతురుకు అడ్డంగా పెట్టి చూశాను. గీతల దగ్గర ఉన్న మెరుపు గీత పూర్తిగా పోయి, బోర్డంతా ఒకే మట్టమయ్యే వరకు.

మధ్యాహ్నం బోరిక్ పౌడర్ చల్లి, పదిహేను గ్రాముల స్ట్రైకర్‌ను అబ్బాయి చేతికి ఇచ్చాను. బలంగా కొడితే అది ఆ వైపుకూ ఈ వైపుకూ కనీసం మూడున్నర సార్లు పోవాలని నియమం. మొదటి దెబ్బకు మూడు. రెండో దెబ్బకు నాలుగు దాటింది. బేస్ లైన్ మీదుగా ఎన్నిసార్లు పోయినా తడబడలేదు.

బాబాయ్ గారు సాయంత్రం వచ్చారు. వస్తూనే నాన్నను పిలిచి, కళ్లు మూసుకొమ్మన్నారు. నాన్న కుర్చీ ముందుకు జరుపుకుని కళ్లు మూసుకున్నారు. బాబాయ్ గారు ఆయన చూపుడువేలు పట్టి రంధ్రం దగ్గర గోరు ఆనించి, "లాగు. బాణం ఎక్కడ మొదలైందో చెప్పు" అన్నారు. నాన్న గోరు మెల్లగా మొన దాటింది, రెండు ఎర్ర బొట్ల మధ్యలోంచి పోయింది, మామిడాకులు దాటింది, బాణం తోక దాటి పెద్ద వృత్తంలోకి వచ్చేసింది.

"ఇంకా రాలేదే" అన్నారు నాన్న, కళ్లు తెరవకుండానే.

రంధ్రాల కింద వలలు అల్లాలి. నైలాను దారం తెచ్చాను, ముళ్లు వేయడం నాన్నకు వచ్చు. అంతవరకు నాలుగు మూలలా స్టీలు గిన్నెలు పెట్టి ఆడుతున్నాం. కాయిన్ పడినప్పుడల్లా ఖంగుమంటోంది.